ముగ్గురాయి, నాపరాయి, మోల్ లెక్క

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల క్వారీల్లో తీసే నాపరాయికీ, జమ్మలమడుగు వైపు నుంచి దేశమంతా వెళ్లే నల్లటి కడప బండకూ రసాయనికంగా అసలు సరుకు ఒక్కటే: కాల్షియం కార్బొనేట్. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు అదే, బెలుం గుహల గోడల్లో ఉన్నదీ అదే. కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద విలియం కింగ్ రాసిన గ్రంథాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1872లో ప్రచురించింది. ఈ రెండు ఊళ్ల పేర్లూ అప్పటి నుంచి భూగర్భ శాస్త్రంలో నిలిచిపోయాయి. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలను భయపెట్టే మూడు విషయాలు, అంటే సమ్మేళనాల పేర్లు, మోల్ లెక్కలు, ద్రావణాల గాఢత, ఈ నేల మీది రాళ్లలో, సున్నంలో, తోటలకు కొట్టే మందులో, తాగే నీళ్లలో దండిగా దొరుకుతాయి. పుస్తకంలో అవి వేర్వేరు పాఠాలు. లెక్క చేసేటప్పుడు మాత్రం ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వస్తుంది. పేరు తెలిస్తే ఫార్ములా తెలుస్తుంది, ఫార్ములా నుంచి మోలార్ ద్రవ్యరాశి, దాని నుంచి గాఢత. పేరు దగ్గర పడిన తప్పు చివరి అంకె దాకా వెంట వస్తుంది.

పేరులోనే లెక్క

అయానిక సమ్మేళనం పేరులో ధనావేశం ఉన్న కేటయాన్ ముందు, ఋణావేశం ఉన్న ఆనయాన్ తరవాత వస్తాయి. కాల్షియం రెండు ఎలక్ట్రాన్లు వదిలి రెండు యూనిట్ల ధనావేశంతో ఉంటుంది. ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు కలిసిన కార్బొనేట్ గుంపుకు రెండు యూనిట్ల ఋణావేశం. రెండూ సరిపోయాయి కాబట్టి కాల్షియం కార్బొనేట్‌లో అవి ఒకటికి ఒకటి. సోడియంకు ఒక్క ధనావేశమే ఉంది కనుక బట్టల సోడా అయిన సోడియం కార్బొనేట్‌లో రెండు సోడియంలు కావాలి. తడి సున్నమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌లో ఒక కాల్షియంకు రెండు హైడ్రాక్సైడ్ గుంపులు. ఫార్ములా రాసేటప్పుడు ఆ గుంపు మొత్తానికి బ్రాకెట్ పెట్టి బయట 2 వేయాలి. బ్రాకెట్ మరిచిపోతే ఒక ఆక్సిజన్ తగ్గి, మోలార్ ద్రవ్యరాశి 74 నుంచి 58కి పడిపోతుంది. పరీక్ష పేపర్లలో చాలా మార్కులు పోయేది ఇక్కడే.

కాల్షియం క్లోరైడ్‌ను కాల్షియం డైక్లోరైడ్ అనరు. కాల్షియం ఆవేశం మారదు కాబట్టి ఎన్ని క్లోరిన్లు ఉండాలో పేరు చదవగానే తేలిపోతుంది. మోనో, డై, ట్రై అనే అంకెల ముక్కలు అలోహాలు రెండు కలిసినప్పుడే అవసరం, ఎందుకంటే అవి ఒకటి కంటే ఎక్కువ నిష్పత్తుల్లో కలుస్తాయి. కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ పేర్లలో తేడా ఒక్క ఆక్సిజన్. సున్నపు బట్టీలో బొగ్గుకు గాలి చాలకపోతే పుట్టే రెండోది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించి మనిషిని చంపేస్తుంది.

ఇనుము, రాగి లాంటి లోహాలు రెండు రకాల ఆవేశాలతో ఉంటాయి. అందుకే పేరు పక్కన బ్రాకెట్‌లో రోమన్ అంకె వేసి ఐరన్-టూ, ఐరన్-త్రీ అని చదువుతారు. సీమ ఎర్రనేలలకు రంగునిచ్చేది ఐరన్-త్రీ ఆక్సైడ్. ఆకులు పాలిపోయిన వేరుశనగకూ చీనీ (బత్తాయి) చెట్లకూ రైతు కొట్టే అన్నభేది ఐరన్-టూ సల్ఫేట్. డబ్బా మూత తీసి ఎక్కువ రోజులు ఉంచితే దాని లేత పచ్చరంగు పోయి తుప్పు రంగు వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ టూను త్రీగా మార్చిందన్నమాట. ఆ రంగు మారిన మందు చెట్టుకు అంతగా అందదు.

ఇక ఐడ్, ఐట్, ఏట్ అనే తోకలు. సల్ఫైడ్‌లో గంధకం ఒంటరిగా ఉంటుంది. సల్ఫైట్‌లో దానికి మూడు ఆక్సిజన్లు, సల్ఫేట్‌లో నాలుగు. ఈ చిన్న తేడా ఎంత పెద్దదో తెలియాలంటే మంగంపేట దాకా వెళ్లాలి. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వే ముగ్గురాయి ప్రపంచంలో ఒకే చోట ఉన్న అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు. నాపరాయి నీటికి 2.7 రెట్లు బరువైతే మంచి రకం ముగ్గురాయి 4.2 రెట్లకు పైనే. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచిపెట్టే బురదలో దీని పొడిని కలపడానికి కారణం ఆ బరువే.

ముగ్గురాయి బేరియం సల్ఫేట్. బేరియం అయాన్ విషం, గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. అయినా కడుపు, పేగుల ఎక్స్-రే తీసే ముందు రోగికి బేరియం సల్ఫేట్‌ను గ్లాసుల కొద్దీ తాగిస్తారు. లీటరు నీటిలో అది కరిగేది దాదాపు 2.4 మిల్లీగ్రాములే కాబట్టి తాగినది తాగినట్టే బయటికి పోతుంది. అదే ముగ్గురాయిని బొగ్గుతో కలిపి బాగా ఎర్రగా కాలిస్తే నాలుగు ఆక్సిజన్లూ పోయి బేరియం సల్ఫైడ్ మిగులుతుంది. ఇది నీటిలో కరుగుతుంది, విషం. బేరియం కార్బొనేట్ మామూలు నీటిలో పెద్దగా కరగదు గానీ కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాన్ని బేరియం క్లోరైడ్‌గా మార్చి కరిగించేస్తుంది. ఎలుకల మందుగా వాడింది దాన్నే. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్-రే కోసం తాగించిన బేరియం సల్ఫేట్‌లో కార్బొనేట్ కలిసి ఉండడంతో ఎందరో రోగులు చనిపోయారు. సీసా మీది పేరులో చివరి రెండక్షరాలు చూడకుండా వదిలేయకూడదని చెప్పడానికి రసాయన శాస్త్రంలో ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

బట్టీలో మోల్

పరమాణువులను లెక్కపెట్టలేం, తూచగలం. తూకాన్ని లెక్కగా మార్చే సాధనమే మోల్. ఒక మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. ఒకప్పుడు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అదే మోల్ అనేవారు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యనే 6.02214076 × 10²³గా స్థిరపరిచారు. పాఠశాల లెక్కలకు దీని వల్ల తేడా ఏమీ రాదు. ఫార్ములాలోని పరమాణువుల ద్రవ్యరాశులు కలిపి ఆ మొత్తాన్ని గ్రాముల్లో తీసుకుంటే ఒక మోల్ అవుతుంది. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48 కలిపితే 100. కాల్షియం కార్బొనేట్ మోల్ బరువు సరిగ్గా నూరు గ్రాములు కావడం మోల్ లెక్క నేర్చుకునేవాళ్లకు ప్రకృతి ఇచ్చిన సౌకర్యం.

రెండడుగుల చదరపు కడప బండ ఒకటి తీసుకుంటే పొడవు, వెడల్పు 60 సెంటీమీటర్లు, మందం 2.5 సెంటీమీటర్లు. ఘనపరిమాణం 9,000 ఘన సెంటీమీటర్లు. సాంద్రత 2.7తో గుణిస్తే 24,300 గ్రాములు. నాపరాయి ఎప్పుడూ శుద్ధమైన కార్బొనేట్ కాదు. ఇసుక, బంకమట్టి, నల్లరంగునిచ్చే కార్బన్ పదార్థం అందులో కలిసి ఉంటాయి. కార్బొనేట్ 85 శాతం అనుకుంటే 20,655 గ్రాములు. నూరుతో భాగిస్తే 206.55 మోల్‌లు. 6.022 × 10²³ అనే అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే ఆ బండలో 1.24 × 10²⁶ కాల్షియం అయాన్లు, అన్నే కార్బొనేట్ అయాన్లు ఉన్నట్టు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 85 శాతం అన్న అంకెలో రెండు స్థానాల కచ్చితత్వమే ఉంది కాబట్టి జవాబును 206.55 అని కాక సుమారు 210 మోల్‌లని చెప్పడమే నిజాయితీ. మధ్యలో అంకెలను అలాగే ఉంచి, చివర్లో ఒక్కసారే సవరించుకోవాలి.

ఇదే రాయిని ముక్కలుగా కొట్టి బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఒక మోల్‌కు ఒక మోల్, ఒక మోల్. నూరు గ్రాముల రాయి 56 గ్రాముల పొడి సున్నం, 44 గ్రాముల వాయువు ఇస్తుంది. బట్టీ నుంచి దింపిన రాయి చేతికి తేలిగ్గా తగలడానికి కారణం ఆ పోయిన 44 గ్రాములే. పైన చెప్పిన బండంత రాయిని కాలిస్తే 11.6 కిలోల సున్నం మిగిలి, 9.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వాయువుకు మరో కొలత ఉంది. సున్నా డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద మోల్ వాయువు 22.4 లీటర్లు ఆక్రమిస్తుంది, అంటే మన 206.55 మోల్‌లు దాదాపు 4,630 లీటర్లు. కానీ మే నెల కర్నూలులో సున్నా డిగ్రీలు ఎక్కడివి? 43 డిగ్రీలంటే 316 కెల్విన్లు. 22.4ను 316తో గుణించి 273తో భాగిస్తే మోల్‌కు 25.9 లీటర్లు, మొత్తం 5,350 లీటర్లు. 22.4 అన్న అంకెను బట్టీపట్టి అన్నిచోట్లా వాడేయడం విద్యార్థుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. సిమెంటు పరిశ్రమ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఇంధనం నుంచి కాకుండా ఈ రాతి నుంచే వస్తుంది. బొగ్గు మానేసి సౌరశక్తితో కాల్చినా ఆ భాగం తగ్గదు.

సున్నపు గుంటలో పొడి సున్నం మీద నీళ్లు పోసిన వెంటనే రాళ్లు చిటపటలాడుతూ పగిలి, ఆవిరి లేచి, గుంట కుతకుతలాడుతుంది. మోల్ పొడి సున్నం నీటితో కలిసి తడి సున్నమయ్యేటప్పుడు దాదాపు 65 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. కిలో సున్నంలో 1000ని 56తో భాగిస్తే 17.86 మోల్‌లు, వేడి 1,160 కిలోజౌళ్లు. 25 డిగ్రీల నీటిని మూడున్నర లీటర్లకు పైగా మరిగించడానికి అది చాలు. ఆ సున్నానికి చర్యలో కావలసిన నీరు కూడా 17.86 మోల్‌లే, అంటే 320 గ్రాములు. మిగతా నీళ్లన్నీ వేడిని తట్టుకోవడానికి, ముద్ద పలచబడడానికి. గుంట దగ్గర పిల్లలను ఆడనివ్వకపోవడం, సున్నం చిందితే కంటిని చాలాసేపు నీటితో కడగడం ఊరికే చెప్పిన మాటలు కావు. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. 74 గ్రాములు 100 గ్రాములై, రాయి మళ్లీ రాయిగానే తేలుతుంది.

మోల్ లెక్క ఒక గని స్వరూపాన్నే నిర్ణయించిన సందర్భం పులివెందుల ప్రాంతంలో ఉంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియం ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. వేముల మండలం తుమ్మలపల్లెలో అది కుదరదు. అక్కడి యురేనియం ఉన్నది డోలమైట్ రాతిలో. డోలమైట్ అంటే ఒక కాల్షియం, ఒక మెగ్నీషియం, రెండు కార్బొనేట్లు, మోల్‌కు 184 గ్రాములు. ప్రతి మోల్ డోలమైట్ రెండు మోల్‌ల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తాగేస్తుంది. టన్ను రాతిలో 700 కిలోలు డోలమైట్ అనుకుంటే 3,800 మోల్‌లు, దానికి 7,600 మోల్‌ల ఆమ్లం, అంటే 745 కిలోలు. అంత ఆమ్లం ఖర్చుపెడితే చేతికి వచ్చే యురేనియం టన్నుకు అర కిలోకు అటూఇటూ, రెండు మోల్‌లు. అందుకే అక్కడ సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ ద్రావణాన్ని వేడి, పీడనం, ఆక్సిజన్ల మధ్య వాడుతారు. కార్బొనేట్ రాయి కార్బొనేట్ ద్రావణం జోలికి పోదు, యురేనియం ఒక్కటే కరిగి వస్తుంది. చివరికి సోడియం డైయురనేట్‌గా వేరుపడుతుంది. రెండు సోడియంలు, రెండు యురేనియంలు, ఏడు ఆక్సిజన్లు ఉన్న ఈ పేరులో 'ఏట్' తోక యురేనియం ఆనయాన్ భాగంలో, ఆక్సిజన్‌తో కలిసి ఉందని చెబుతుంది.

చీనీ తోటలో ఒక శాతం

ద్రావణంలో ద్రావితం ఎంత ఉందో చెప్పే కొలతలు చాలా ఉన్నాయి. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లున్నాయో చెప్పేది మొలారిటీ. కిలో ద్రావణిలో ఎన్ని మోల్‌లో చెప్పేది మొలాలిటీ. రైతు, డాక్టరు, ఫ్యాక్టరీ శాతాల్లో మాట్లాడుతారు. నీటి పరీక్ష కేంద్రం లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతుంది. వీటిలో ఒకదాన్నుంచి మరొకదానికి మారడమే అసలు సాధన.

కడప, అనంతపురం వైపు బత్తాయిని చీనీ అంటారు. ఆ తోటల్లో తెగుళ్లకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, నూరు లీటర్ల నీళ్లు కావాలి. మైలుతుత్తాన్ని ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీటిలో, సున్నాన్ని ఇంకో డ్రమ్ములో 50 లీటర్లలో విడివిడిగా కలుపుతారు. తరవాత మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి కొంచెం కొంచెంగా పోస్తూ కర్రతో కలియబెడతారు. నీలం ద్రావణం సున్నంలో పడిన చోటల్లా చిక్కటి ఆకాశం రంగు ముద్ద ఏర్పడుతుంది. అది ఆకుకు అంటుకుని ఉండి రాగిని నిదానంగా విడుదల చేస్తుంది.

మైలుతుత్తం పూర్తి పేరు కాపర్-టూ సల్ఫేట్ పెంటాహైడ్రేట్. ఆ 'పెంటా' అయిదు నీటి అణువులను చెబుతుంది. రాగి 63.5, గంధకం 32, నాలుగు ఆక్సిజన్లు 64, ఇవి కలిపితే 159.5. అయిదు నీటి అణువులు 90. మొత్తం 249.5. కిలో మైలుతుత్తంలో మోల్‌లు 1000ని 249.5తో భాగిస్తే 4.0. నూరు లీటర్లలో నాలుగు మోల్‌లంటే 0.04 మోలార్. స్ఫటిక జలాన్ని మరిచి 159.5తో భాగించినవాళ్లకు 6.3 మోల్‌లు వస్తాయి, అంటే ఉన్నదానికంటే 56 శాతం ఎక్కువ. లోహపు రాగి ఎంత అన్నదీ ఇలాగే తేలుతుంది: 4 మోల్‌లు ఇంటూ 63.5, అంటే 254 గ్రాములు, లీటరుకు రెండున్నర గ్రాములు. నీలి స్ఫటికాన్ని పెనం మీద వేడిచేస్తే నీరంతా పోయి తెల్లటి పొడి మిగులుతుంది, రెండు చుక్కల నీళ్లు పడితే మళ్లీ నీలం అవుతుంది. పేరులోని ఆ అయిదు అణువుల్ని కళ్లారా చూడడానికి ఇంతకంటే సులువైన ప్రయోగం లేదు.

కిలో తడి సున్నంలో 13.5 మోల్‌లుంటాయి, రాగి కంటే మూడు రెట్లకు పైగా. అంత అవసరమా అంటే, బజారు సున్నంలో కొంత అప్పటికే గాలికి కార్బొనేట్‌గా మారి ఉంటుంది. సున్నం చాలకపోతే కరిగిన రాగి మిగిలి ఆకులను మాడ్చేస్తుంది. అనుభవమున్న రైతులు మిశ్రమంలో ఇనుప కత్తినో కొడవలినో కాసేపు ముంచి చూస్తారు. కత్తి మీద ఎర్రటి పూత పట్టిందంటే కాపర్ సల్ఫేట్ ఇంకా మిగిలి ఉంది. ఇనుము కరిగి ఐరన్-టూ సల్ఫేట్ అవుతుంటే దాని స్థానంలో రాగి పేరుకుంటోంది. అప్పుడు ఇంకొంచెం సున్నపు నీరు పోస్తారు. ఇనుప డ్రమ్ముల్లో బోర్డో కలపకపోవడానికీ కారణం ఇదే.

వేరుశనగకు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేసే జిప్సం కూడా హైడ్రేటే. కాల్షియం సల్ఫేట్ డైహైడ్రేట్, మోల్‌కు 172 గ్రాములు. అందులో కాల్షియం 40, అంటే 23 శాతం. శుద్ధమైన జిప్సమైతే ఎకరాకు 46 కిలోల కాల్షియం, 37 కిలోల గంధకం అందుతాయి.

మొలారిటీ, మొలాలిటీ ఎప్పుడు దూరమవుతాయో తెలియడానికి కర్నూలు పక్కన తుంగభద్ర దగ్గరున్న గొందిపర్లకు వెళ్లవచ్చు. అక్కడి శ్రీ రాయలసీమ ఆల్కలీస్ ఫ్యాక్టరీ ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టి కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ తయారుచేస్తుంది. కాస్టిక్ సోడాను ద్రావణంగా అమ్మేటప్పుడు భార శాతం 50కి దగ్గరగా ఉంటుంది. 50 శాతం ద్రావణం లీటరు బరువు 1.525 కిలోలు. అందులో సగం 762.5 గ్రాములు, దాన్ని 40తో భాగిస్తే 19.1 మోలార్. అదే ద్రావణంలో 500 గ్రాముల సోడాకు 500 గ్రాముల నీరు. 12.5 మోల్‌లు అర కిలో నీటిలో అంటే 25 మొలాల్. ఒకే డ్రమ్ములోని ఒకే ద్రవానికి 50, 19, 25 అని మూడు అంకెలు! పలచటి నీటి ద్రావణాల్లో మొలారిటీ, మొలాలిటీ దాదాపు కలిసిపోతాయి కాబట్టి విద్యార్థికి ఈ తేడా పట్టదు. గాఢమైనప్పుడు పట్టక తప్పదు.

వేసవిలో మరో సంగతి. 20 డిగ్రీల దగ్గర లీటరున్న నీరు 45 డిగ్రీలకు 1.008 లీటర్లవుతుంది. ఒక మోలార్‌గా తయారుచేసిన ద్రావణం మధ్యాహ్నానికి 0.992 మోలార్ అయిపోతుంది, మొలాలిటీ మాత్రం మారదు. కొలిచే ఫ్లాస్క్ మీద ఉష్ణోగ్రత అచ్చువేసి ఉండేది ఇందుకే.

నీళ్లలో మిల్లీగ్రాములు

ఉప్పునీటి నుంచి రెండు మోల్‌ల కాస్టిక్ సోడా వస్తే దానితో పాటు ఒక మోల్ క్లోరిన్, ఒక మోల్ హైడ్రోజన్ తప్పనిసరిగా వస్తాయి. 80 కిలోల సోడాకు 71 కిలోల క్లోరిన్. సోడా కావాలన్నవాళ్లు క్లోరిన్‌ను ఏం చేయాలో కూడా ఆలోచించాల్సిందే. కర్నూలులో క్లోరిన్‌కు దొరికిన దారుల్లో ఒకటి హైపో, పూర్తి పేరు కాల్షియం హైపోక్లోరైట్. తడి సున్నానికి క్లోరిన్ పట్టిస్తే ఇది ఏర్పడుతుంది. శ్రీ రాయలసీమ హైస్ట్రెంత్ హైపో సంస్థ తయారుచేసేది ఇదే.

క్లోరిన్, ఆక్సిజన్ కలిసిన ఆనయాన్లు నాలుగు. ఒక ఆక్సిజన్ ఉంటే హైపోక్లోరైట్, రెండుంటే క్లోరైట్, మూడైతే క్లోరేట్, నాలుగైతే పర్‌క్లోరేట్. అన్నిటికీ ఆవేశం ఒకటే. 'హైపో' అంటే తక్కువ మెట్టు, 'పర్' అంటే పై మెట్టు. హైపోక్లోరైట్ నీటిని శుభ్రం చేస్తే, పొటాషియం క్లోరేట్ అగ్గిపుల్ల తలలో ఉంటుంది, అమ్మోనియం పర్‌క్లోరేట్ రాకెట్ ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇస్తుంది. కాల్షియం హైపోక్లోరైట్ మోల్ ద్రవ్యరాశి 143. బజారులో దొరికే హైపోలో లభ్య క్లోరిన్ సాధారణంగా 65 నుంచి 70 శాతం. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం చుట్టుపక్కల, పాతదైతే ఇంకా తక్కువ.

వెయ్యి లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం 2 గ్రాములు. 65 శాతం హైపో అయితే 2ను 0.65తో భాగించి 3.1 గ్రాములు వేయాలి. బావికి ముందు నీటి ఘనపరిమాణం తేల్చాలి. మూడు మీటర్ల వ్యాసం, నాలుగు మీటర్ల నీరు ఉన్న గుండ్రటి బావిలో 28,260 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ అన్న వాడుక లెక్క ప్రకారం దానికి 70 గ్రాములు. పొడిని నేరుగా బావిలో చల్లకుండా బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోయాలి. భారతీయ ప్రమాణం 10500 ప్రకారం కుళాయి దాకా వచ్చిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి ఆమ్లంతో మాత్రం ఎన్నడూ కలపకూడదు, హైపోక్లోరైట్ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పలచన చేసే లెక్కలన్నిటికీ మూలం ఒక్కటే: నీళ్లు పోస్తే మోల్‌ల సంఖ్య మారదు. పాత గాఢత, పాత ఘనపరిమాణాల లబ్ధం కొత్త గాఢత, కొత్త ఘనపరిమాణాల లబ్ధానికి సమానం. 19.1 మోలార్ సోడా నుంచి ఒక మోలార్ ద్రావణం లీటరు కావాలంటే 52 మిల్లీలీటర్లు తీసుకుని, కొంత నీటిలోకి మెల్లగా పోసి, చల్లారాక లీటరు గీత దాకా నింపాలి. లీటరు నీటికి 52 మిల్లీలీటర్లు కలపడం వేరు, లీటరుకు నింపడం వేరు.

సున్నపురాతి నేలల్లో బోరునీటి కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన చెబుతారు. లీటరులో 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే 2 మిల్లీమోల్‌లు, కార్బొనేట్ లెక్కన 200 మిల్లీగ్రాములు. దానికి తోడు 24 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటే ఒక మిల్లీమోల్, ఇంకో 100. మొత్తం కఠినత్వం 300. భారతీయ ప్రమాణంలో కోరదగిన హద్దు 200, వేరే నీరు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మోల్‌లలోకి మార్చకుండా 80, 24 కలిపి 104 అనడం ఈ లెక్కలో మామూలుగా జరిగే తప్పు.

ఫ్లోరైడ్ సమస్యను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు ఆ ఊళ్ల ఎముకల జబ్బుకు నీటిలోని ఫ్లోరైడ్ కారణమని తేల్చారు. కోరదగిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గరిష్ఠం 1.5. ఫ్లోరిన్ 19 కాబట్టి గరిష్ఠ హద్దు 0.079 మిల్లీమోల్. గ్రానైట్ నేలల నీళ్లలో ఫ్లోరైడ్ పెరగడానికీ, కాల్షియం బాగా ఉన్న నీళ్లలో అది అదుపులో ఉండడానికీ కాల్షియం ఫ్లోరైడ్ చాలా తక్కువగా కరగడమే ప్రధాన కారణం. 25 డిగ్రీల దగ్గర దాని ద్రావణీయతా లబ్ధం దాదాపు 3.5 × 10⁻¹¹. ఒక కాల్షియంకు రెండు ఫ్లోరైడ్‌లు కనుక, కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తే ఈ విలువను దాటదు. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీటిలో, అంటే ఒక మిల్లీమోల్ దగ్గర, ఫ్లోరైడ్ 0.19 మిల్లీమోల్, అంటే మూడున్నర మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. కాల్షియం 4 మిల్లీగ్రాములకు తగ్గి, సోడియం పెరిగిన నీటిలో అదే హద్దు 11 మిల్లీగ్రాములకు చేరుతుంది. కాల్షియం పది రెట్లు తగ్గితే ఫ్లోరైడ్ హద్దు మూడు రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. ఒక్క కాల్షియంతో ఫ్లోరైడ్‌ను 1.5కు దింపడం కష్టం కాబట్టే నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు పటిక కూడా వేస్తారు. పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దగా ఏర్పడి, మిగిలిన ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది.